ఊదా రంగు దిగేదాకా

పంతొమ్మిదేళ్ళుగా గాజు గొట్టాలు కడుగుతున్నాను
నకూరులో, రెండో అంతస్తులో, కిటికీ సరిగా పడని గదిలో.
ఫార్ములాలు నాకు రావు.
ఏ మరక ఎంత మొండిదో తెలుసు.

జెరోప్ ఆ సోమవారం గోనెసంచి మోసుకొచ్చింది
లోండియాని పైనుంచి, రెండు మటాటు బళ్ళు మారి.
సంచిలో వాళ్ళ అమ్మమ్మ చెట్టు ఆకులు.
సోగెత్ అంటారు వాళ్ళు. మా వైపు ఇంకేదో పేరు,
దగ్గు పట్టినప్పుడే గుర్తొచ్చే పేరు.

"బెరడు తేలేదేం?" అన్నాను.
అందరూ బెరడే తెస్తారు మరి.
"ఒలవడానికి ఇంక మిగల్లేదు, వన్యోన్యి" అంది.

రాత్రిపూట కత్తులతో వస్తారట.
నడుమెత్తు దాకా చుట్టూ ఒలుచుకుపోతారట,
మేక తోలు తీసినట్టు.
చెట్టు వెంటనే చావదు.
రెండు వానలు చూస్తుంది,
ఆ తర్వాత కొసల నుంచి ఎండుకుంటూ కిందికి దిగుతుంది.

ఆకుల్ని నీడపట్టునే ఆరబెట్టింది, పాత పేపర్ల మీద,
ఎవరో గెలిచిన ఎన్నికల మీద.
ఎండ తగిలితే గుణం పోతుందట.
పదకొండు రోజులు మా వరండా అంతా మిరియాల ఘాటు.
గుమాస్తాకి ఒకటే తుమ్ములు.

తర్వాత దంచింది, నానబెట్టింది, వడకట్టింది.
ఒక గొట్టంలో చుక్క వేస్తే నీలి నలుపు.
ఒకటి ఊపితే నురగ,
టీ తాగి వచ్చినా దిగని నురగ.
ఇంకోదానిలో పసుపు చిక్కబడింది.
టానిన్లు, సాపోనిన్లు, ఫ్లావనాయిడ్లు అని ఆమె రాసుకుంది.
వగరు, చేదు, కారం అని
నేను లోలోపల లెక్కేసుకున్నాను.

అసలు పరీక్ష ఊదా రంగుది.
జకరండా పూలు రాలిన రోడ్డు మీద
వాన పడితే పారే నీళ్ళలా ఉంటుంది ఆ ద్రవం.
"ఇందులో ప్రతి అణువూ జత తప్పినదే" అంది జెరోప్.
"ఒక ఎలక్ట్రాన్ ఒంటరిగా మిగిలి
ఎవరిది లాక్కుందామా అని తిరుగుతుంటుంది.
మన ఒంట్లోనూ ఇలాంటివి తిరుగుతాయి.
ఆకు తనది ఇచ్చేస్తే కుదురుకుంటుంది.
కుదురుకుంటే రంగు దిగుతుంది."

దొంగని కూర్చోబెట్టి ఉగాలి పెట్టడమన్నమాట, అన్నాను.
నవ్వలేదు. ఆలోచించి,
దాదాపు అంతే, అంది.

అరగంట చీకట్లో ఉంచాలి.
బీరువాలో పెట్టి తలుపు వేసి దాని ముందే కూర్చున్నాం,
లోపల ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి.
అమ్మమ్మ టాప్‌సుబేయి
చెట్టు గాయం మీద పేడా మట్టీ మెత్తి
పైన తన దుప్పటి చుట్టి
దాని మీద ముళ్ళతీగ బిగించిందట.
మందుకని వచ్చినవాళ్ళకి ఆకులే ఇస్తుందట.
పిసినారి ముసలిదని తిట్టుకుంటూ వాళ్ళు
బెరడు అమ్మేవాడి దగ్గరికే పోతారట.

తలుపు తీశాం.
మొదటి గొట్టం ఊదాగానే ఉంది. రెండోదీ.
మూడోది ఎటూ తేల్చుకోలేదు.
ఆరోది పసుపు. ఎండుగడ్డి పసుపు.
పక్క వరసలో, పాత సీసాలోని బెరడు రసం
నాలుగో గొట్టానికే ఆ పని చేసేసింది.

"ఆకు తక్కువదే" అంది. గొంతు కొంచెం పడింది.
"ఇంకాస్త ఎక్కువ వెయ్యాలి. అంతేగా" అన్నాను.
ఆకు మళ్ళీ వస్తుంది అనబోయి ఊరుకున్నాను.
ఆ మాట ఆమె అప్పటికే రాస్తోంది
మార్జిన్లో, పెన్సిలుతో, ఒత్తి.
గాజులో రంగు దిగితే
మనిషిలో దగ్గు దిగుతుందని కాదు.
అదీ రాసింది, దాని కిందే.

సాయంత్రం కడగడానికి నిలబడ్డాను.
చేతి తొడుగు ఎక్కడో చిరిగింది.
బొటనవేలి గోటికి ఊదా మరక.
సబ్బుకి లొంగలేదు.
సంచి అడుగున మిగిలిన ఆకు ఒకటి నమిలాను.
మొదట ఏమీ లేదు. కాగితం.
తర్వాత, మరిచిపోయిన బాకీ గుర్తొచ్చినట్టు,
నాలుక మీంచి చెవుల దాకా కారం.

నమిలిన ముద్ద గోటి మీద రుద్ది
కుళాయి కట్టెయ్యడం మర్చిపోయి నిలబడ్డాను,
ఏ రంగుకొస్తుందో చూద్దామని.